కల్తీ లేని నెత్తురు

నేను వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది 1975 జూన్‌లో. కెమికల్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో నాకిచ్చిన గదిలో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, నుదుటన విభూతి, చొక్కా జేబులో స్టాప్‌వాచీ. టేబుల్ మీద రెండు థర్మాస్ ఫ్లాస్కులు. రైలు దిగి నేరుగా వచ్చానేమో, గొంతు ఎండిపోయి ఉంది. "చాయా సార్?" అంటూ ఒక ఫ్లాస్కు అందుకోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది చాయ్ కాదు. మేక," అన్నాడు.

రామలింగంతో నా పరిచయం అలా మొదలైంది. తర్వాత పదిహేనేళ్లు ఒకే గదిలో కూర్చున్నాం కాబట్టి ఆయన సంగతులు కొన్ని చూసి చెబుతున్నాను, కొన్ని ఆయన నోటే విని చెబుతున్నాను. లాబ్ అటెండర్ గట్టయ్య చెప్పినవి మాత్రం సగమే చెబుతున్నాను.

హనుమకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం వెంకట్రాజం గారి రెండో కొడుకు రామలింగం. ఆ ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. వాళ్లమ్మ రాజేశ్వరమ్మ, కోస్తే ఎర్రగా కారుతుందని బీట్‌రూట్‌ని కూడా గడప తొక్కనివ్వలేదు. కొడుకు కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడంటే సబ్బులు చేయడం నేర్చుకుంటున్నాడనీ, ఎప్పటికైనా తన దుకాణంలో తన కొడుకు సబ్బే అమ్ముకోవచ్చనీ వెంకట్రాజం గారు అనుకున్నారు. కొడుకు పంతులుద్యోగంలో చేరితే ఒక ఏడాది సరిగా మాట్లాడలేదు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ ప్రొఫెసర్ కిషన్ రావు గారు. గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయన్నదే ఆయన జీవితమంతా చేసిన పని. ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరినవాళ్లలో ఒకరు నూనె తీసుకున్నారు, ఒకరు మొలాసిస్, ఒకరు సిమెంటు నీళ్లు, ఒకరు ఉత్త బురద. రామలింగం వంతు వచ్చేసరికి పారేవన్నీ అయిపోయాయి.

"ఇక మిగిలింది రక్తమే, రామలింగం," అన్నారట కిషన్ రావు గారు. "విదేశాల్లో మన కెమికల్ ఇంజనీర్లు వైద్యంలోకి దిగిపోయారు. గుండె అంటే పంపు, నరాలంటే పైపులు. మనకు తెలిసిందే కదా."

రామలింగానికి ఎవరి మాటా కాదనే అలవాటు లేదు. సరే సార్ అని బయటికొచ్చాడు. రక్తం చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయని అప్పటికి ఎవరికీ తెలియదు. గడ్డం గీసుకుంటూ ఎక్కడైనా గాటు పడితే వెళ్లి మంచం మీద పడుకుని, మిగతా గడ్డం పడుకునే గీసుకునే మనిషి.

హనుమకొండలో, వరంగల్‌లో ఏ మటన్ దుకాణం ముందు నిలబడినా వాళ్ల నాన్నను ఎరిగినవాళ్లే కనబడతారు. అందుకని కాజీపేటలో, రైల్వే క్వార్టర్ల అవతల పోశయ్య దుకాణం వెతుక్కున్నాడు. ఆదివారం పొద్దున్నే సైకిల్ మీద గట్టయ్యను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. గట్టయ్యది రఘునాథపల్లి, యాభై ఏళ్ల మనిషి, దేనికీ జంకడు. ఫ్లాస్కులో ముందే సిట్రేట్ మందు వేసి ఉంచేవారు. అది ఉంటే రక్తం గడ్డకట్టదు. మొదటి ఆదివారం రామలింగం గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నల్ల వండుకుంటరా సారు?" అని అడిగాడు పోశయ్య. గడ్డకట్టిన మేక నెత్తురును ముక్కలు కోసి వేయించితే అది నల్ల.

"కాదు. పరీక్షకు," అన్నాడు రామలింగం గోడతో.

"చచ్చినంక మేకకు ఏం పరీక్ష సారు?"

గట్టయ్య ఫ్లాస్కు పట్టుకున్నాడు, రామలింగం కింద కూర్చుండిపోయాడు. తిరుగు ప్రయాణంలో గట్టయ్య సైకిల్ తొక్కాడు, రామలింగం వెనక కూర్చున్నాడు, ఫ్లాస్కులు ఆయన ఒళ్లో.

ఆ దుకాణం దగ్గరి నెత్తురు మీద అంతకుముందే ఒకరికి హక్కు ఉందని మూడో వారంలో తెలిసింది. ఆవిడ పేరు బక్కమ్మ. పేరుకే బక్క. కల్లు కాంపౌండ్ ముందు నల్ల వేయించి అమ్ముతుంది. గట్టయ్య ఫ్లాస్కు చాపేసరికి ఆవిడ తన గిన్నె అడ్డం పెట్టింది.

"ఆదివారం నెత్తురు నాది. పదేండ్ల సంది నాది. ఏం జేస్తడు మీ సారు దాన్ని?"

"గొట్టంల పోసి పారిస్తడు. ఎంతసేపట్ల పారిందో గడియారం సూస్తడు," అన్నాడు గట్టయ్య.

"పారినంక?"

"పారబోస్తడు."

బక్కమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని రామలింగాన్ని కాళ్ల నుంచి విభూతి దాకా చూసింది. "గింత సదువు సదివి, తినేదాన్ని పారబోస్తవా బిడ్డా," అంది. కోపంగా కాదు, జాలిగా. చివరికి పోశయ్య తగువు తీర్చాడు. మొదటి మేక కాలేజీది, మిగతావి బక్కమ్మవి.

ఈ ఏర్పాటు ఏడాదిన్నర బాగా నడిచింది. ఒక ఆదివారం రద్దీలో ఫ్లాస్కూ గిన్నే తారుమారై సిట్రేట్ మందు కలిసిన నెత్తురు బక్కమ్మ గిన్నెలో పడింది. ఆవిడ మధ్యాహ్నం దాకా చూసినా నెత్తురు గడ్డకట్టలేదు. అలాగే మూకుట్లో పోస్తే ముక్కలకు బదులు పొడి పొడిగా వచ్చింది. కల్లు తాగేవాళ్లు చెంచాలు అడిగారట. పదేళ్లలో ఎన్నడూ జరగని ఆ అవమానానికి కారణం విభూతి పెట్టుకుని గోడవైపు తిరిగి మంత్రం చదివే సారేనని బక్కమ్మకు అనుమానం రాలేదు, నిశ్చయమే అయింది. సోమవారం పొద్దున అతనెవరి కొడుకో వాకబు చేయడం మొదలుపెట్టింది. బుధవారానికి ఆ వాకబు హనుమకొండ చౌరస్తా చేరింది.

వెంకట్రాజం గారు కొడుకును ఏమీ అడగలేదు. మరుసటి ఆదివారం గొడుగు తీసుకుని మొదటి బస్సులో కాజీపేట పోయారు. ఎండా లేదు, వానా లేదు. పోశయ్య దుకాణం ఎదురుగా గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కొడుకు వచ్చాడు, ఫ్లాస్కు నింపించుకున్నాడు, మూత బిగించాడు, సైకిల్ ఎక్కాడు. ఇదంతా చూసి ఇంటికి వచ్చి స్నానం చేసి దుకాణానికి పోకుండా అరుగు మీద కూర్చున్నారు. ఆ సాయంత్రం మాట రామలింగమే నాకు చెప్పాడు.

"తింటున్నవా?" అన్నారు తండ్రి.

"లేదు బాపు."

"నిజం జెప్పు. తింటే తింటున్న అని చెప్పు."

"తింటలేను. గొట్టంల పారిస్తున్న."

"ఎందుకు?"

"ఎట్ల పారుతదో సూడనీకి."

"తింటున్ననంటెనే నయముండె లింగం," అన్నారు వెంకట్రాజం గారు. "పది మంది చేసేదే నువ్వూ చేసినవనుకుందును. ఇదేందో నాకు సమజైతలేదు."

లోపల తలుపు చాటున వింటున్న రాజేశ్వరమ్మ మాత్రం, తినలేదన్న ఒక్క మాట పట్టుకుని దేవుడి ముందు దీపం పెట్టింది. ఆ రోజు నుంచి కొడుకు ఆదివారం ఇంటికి వస్తే పెరట్లో రెండు బిందెల నీళ్లు, వేరే తువ్వాలు సిద్ధంగా ఉండేవి. ఎవరైనా అడిగితే, "మావోడు మేకల డాక్టరు," అని చెప్పేది. అది ఆవిడకు గౌరవంగానే తోచింది.

కాలేజీలో కూడా మర్యాద అంతంతే. ఎండాకాలం వాసన భరించలేక రామలింగం పరికరాలన్నిటినీ సైకిల్ స్టాండ్ పక్కన రేకుల షెడ్డులోకి మార్చారు. సన్నటి గాజుగొట్టం, దాని చుట్టూ వేడినీళ్ల తొట్టి, ఒక థర్మామీటర్. నీళ్లను శరీరమంత వెచ్చగా ఉంచి, గొట్టంలో రక్తం ఈ గీత నుంచి ఆ గీతకు ఎన్ని సెకన్లలో దిగుతుందో చూడాలి. గట్టయ్య పోసేవాడు, రామలింగం స్టాప్‌వాచీ నొక్కేవాడు. కళ్లు తిరగడం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. లెక్కలు చేసుకుంటూ ఒక చేత్తో బీకరు పట్టుకుని ఉంటే నేనే గుర్తు చేశాను. ఉలిక్కిపడి బీకరు వంక చూశాడు, మళ్లీ లెక్కల్లోకి పోయాడు.

నాలుగేళ్లలో రెండు వందల మేకల నెత్తురు పారించి 1978లో ఒక సెమినార్ ఇచ్చాడు. రక్తం మెల్లగా పారినా వేగంగా పారినా దాదాపు నీళ్లలాగే ఒకే తీరుగా ఉంటుందని తేల్చాడు. కిషన్ రావు గారు మెడికల్ కాలేజీ నుంచి పాథాలజీ డాక్టర్ లక్ష్మి గారిని కూడా పిలిపించారు. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"ఇది ఎవరి రక్తం అండీ?"

"మేక రక్తం మేడం."

ఆవిడ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది. మనిషి రక్తకణాలు పెద్దవనీ, రక్తం మెల్లగా పారినప్పుడు అవి అప్పడాల దొంతరలాగా ఒకదానికొకటి అంటుకుంటాయనీ, అందుకే చిక్కబడుతుందనీ చెప్పింది. మేక కణాలు మరీ చిన్నవి, దొంతర కట్టవు. మేక రక్తం నీళ్లలా పారుతుందన్నది నూటికి నూరు పాళ్లు నిజం.

"చాలా జాగ్రత్తగా చేసిన పని," అంది లక్ష్మి గారు. "మేకలకు గుండెజబ్బు వచ్చినప్పుడు బాగా పనికొస్తుంది."

వెక్కిరింతగా అనలేదు, నిజంగానే అంది. దానివల్ల రామలింగానికి ఇంకా బాధ కలిగింది. కిషన్ రావు గారు, "పోనీ టైటిల్ మారుద్దాం," అన్నారు.

రామలింగం రెండు రోజులు కాలేజీకి రాలేదు. ఇంట్లో పీట మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉన్నాడట. భార్య కమల డోర్నకల్ మనిషి. వాళ్ల పుట్టింటివాళ్లకు స్టేషన్ ఎదురుగా టిఫిన్ హోటల్ ఉంది. రైలు ఆగే పది నిమిషాల్లో వంద ఇడ్లీలు అమ్మే ఇల్లు. ఆ ఇంటి పిల్ల ఎక్కువసేపు ఎవరినీ పీట మీద కూర్చోనివ్వదు. మూడో రోజు పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టి, చీర కొంగు సర్దుకుని, చెయ్యి చాపింది.

"మేకది పనికి రాదంటే మనిషిది తీసుకోండ్రి. గింతదానికి పీట అరిగేదాక కూసుంటరా?"

"కమలా, సూది గుచ్చాలె."

"గుచ్చుండ్రి. ఇద్దరు పిల్లల కన్న, సూదికి భయపడుతనా?"

లక్ష్మి గారే వచ్చి తీసింది. రామలింగం ఆ రోజు మళ్లీ ఒకసారి కింద కూర్చున్నాడు గానీ అది భార్య చెయ్యి కావడం వల్ల, లెక్కలోకి రాదు. మేక రక్తం ముప్పై ఎనిమిది సెకన్లలో దిగేది. కమలది నలభై ఏడు సెకన్లు తీసుకుంది. గొట్టం కొంచెం వాల్చి మెల్లగా పారిస్తే లక్ష్మి గారు చెప్పినట్టే చిక్కబడింది. రామలింగం ఆ అంకె తెచ్చి నాకు చూపించి, "ఇది మనిషి," అన్నాడు.

తర్వాత హాస్టల్ పిల్లలు. రక్తం ఇచ్చినవాడికి గ్లాసెడు పాలు, రెండు అరటిపండ్లు అని నోటీసు పెట్టాం. మా హాస్టల్ మెస్సు ఎలా ఉండేదో గాని, మర్నాడు షెడ్డు ముందు డెబ్బై మంది వరుస కట్టారు. ఒకడు చొక్కా మార్చుకుని రెండోసారి వచ్చి దొరికిపోయాడు.

అందరూ ఇరవై ఏళ్లవాళ్లే కావడంతో అరవై దాటినవాళ్ల రక్తం కూడా కావాలంది లక్ష్మి గారు. అరవై దాటినవాళ్లు రెండు అరటిపండ్లకు రారు. ఈ మాట కమల ద్వారా మామగారి చెవిన పడింది. వెంకట్రాజం గారు ఆలోచించి, ఒక శుక్రవారం ఇస్త్రీ ధోవతి కట్టుకుని మా షెడ్డుకు వచ్చారు.

"ఊరందరిది సూసినవట, మాది సూడవా," అన్నారు కొడుకుతో. "గాని ఎవలదెంతనో నాకు చెప్పాలె."

లక్ష్మి గారు రక్తం తీసింది. గట్టయ్య గొట్టంలో పోశాడు. నలభై సెకన్లయింది, యాభై అయింది. రక్తం సగం గొట్టం కూడా దిగలేదు. తొంభై ఒక్క సెకన్లకు కింది గీత తాకింది.

"గొట్టం కడగలేదా గట్టయ్యా?" అన్నాడు రామలింగం.

"మూడు సార్లు కడిగిన."

మళ్లీ చేశారు. తొంభై. కొత్త గొట్టం తెచ్చారు. తొంభై రెండు. వెంకట్రాజం గారి ముఖంలో సంతోషం మెల్లగా పెరిగింది. "పిలగాండ్లది ఎంతుండె?" అని అడిగారు. నలభై ఎనిమిది అని గట్టయ్య చెప్పాడు. "సగం," అన్నారాయన తృప్తిగా.

లక్ష్మి గారు మాత్రం ఆయన ముఖం దగ్గరగా చూసింది. బుగ్గలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేమంతా దాన్ని వ్యాపారస్తుడి కళ అనుకునేవాళ్లం.

"తలనొప్పి వస్తుందా అండీ?"

"దుకాణమన్నంక రాదామ్మా."

"వేడినీళ్ల స్నానం చేశాక ఒళ్లు దురద పెడుతుందా?"

వెంకట్రాజం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నీకెట్ల తెలుసమ్మా? ఇరవై ఏండ్ల సంది. మా ఇంటామె సున్నిపిండిల ఏమేస్తదో ఏమో."

అది ఒంట్లో రక్తకణాలు ఉండవలసినదానికంటే మరీ ఎక్కువగా తయారయ్యే జబ్బు. పెద్ద దవాఖానలో పరీక్షలు చేసి అదేనని తేల్చారు. ఆ చిక్కదనం ఎప్పుడైనా మెదడుకు పోయే దారిలో అడ్డం పడవచ్చు. వైద్యం మాత్రం చిత్రమైనది: కొన్ని వారాలకోసారి ఒక సీసా రక్తం తీసేయడం. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు రాజేశ్వరమ్మ భయపడింది, ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "అయితే నా సున్నిపిండిది కాదన్నట్టేగా?" అంది. ఇరవై ఏళ్లుగా పడిన మాటలు ఆవిడ ఒక్కొక్కటే భర్తకు అప్పజెప్పింది. ఆయన అన్నీ విన్నారు. వినక తప్పలేదు.

మొదటిసారి దవాఖానలో సీసా నిండాక, "ఇదేం జేస్తరు?" అని అడిగారు వెంకట్రాజం గారు. జబ్బు రక్తం కనుక ఇంకొకరికి ఎక్కించడానికి లేదు, పారబోయాలి అన్నారు.

"మంచి చిక్కటి సరుకు పారబోస్తరా?" అని ఆయన ఒప్పుకోలేదు. "మావోనికి ఇయ్యుండ్రి. వాడు పారిచ్చుకుంటడు."

అలా రామలింగం పరిశోధన దారిలో పడింది. అంత చిక్కటి రక్తం క్రమం తప్పకుండా దొరకడం ఏ పరిశోధకుడికీ సులభం కాదు. దాన్ని కొంచెం కొంచెం పలచన చేస్తూ, కణాలు ఎంత పెరిగితే పారడం ఎంత కష్టమవుతుందో, ఎక్కడి నుంచి ప్రమాదమో వరుసగా రాసుకుంటూ పోయాడు. తండ్రికి ఎంత రక్తం ఎప్పుడు తీయాలో లక్ష్మి గారు ఆ అంకెలు కూడా చూసే చెప్పేది. ఆయనకు తలనొప్పి పోయింది, దురద తగ్గింది. చౌరస్తాలో మాత్రం వైద్యం కన్నా అంకెలే ప్రచారమయ్యాయి. "హాస్టల్ పోరగాండ్లది నలభై ఎనిమిది, మాది తొంభై రెండు," అని తూకం వేస్తూ చెప్పేవారు వెంకట్రాజం గారు. "మా దుకాణంల సరుకుకే కాదు, నెత్తురుకు సుత కల్తీ లేదు."

1984లో పీహెచ్‌డీ వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన ఎగ్జామినర్, థీసిస్‌లో ఎనభై మూడో నంబరు మనిషి గురించి గంటసేపు అడిగాడు. పేర్లు రాయకూడదు కాబట్టి రక్తం ఇచ్చినవాళ్లందరికీ నంబర్లే. బయట బెంచీ మీద కూర్చున్న వెంకట్రాజం గారు, అది తనేనని ఎగ్జామినర్‌కు చెప్పాలని రెండుసార్లు లేచారు. కమల రెండుసార్లు కూర్చోబెట్టింది. రామలింగం చేసిన గొట్టం లాంటిదే ఒకటి దవాఖాన లాబ్‌లో కూడా పెట్టించుకుంది లక్ష్మి గారు.

ఆ తర్వాత వెంకట్రాజం గారు తనే రోగులను వెతకడం మొదలుపెట్టారు. దుకాణానికి ఎర్రటి కళ్లతో ఎవరొచ్చినా బెల్లం కట్టడం ఆపి, "తానం చేసినంక గోకుతదా?" అని అడిగేవారు. అవునన్నా కాదన్నా చీటీ రాసి దవాఖానకు పంపేవారు. ఏడాదిలో పద్నాలుగు మందిని పంపారు. వాళ్లలో తొమ్మిది మందివి కల్లు కళ్లు, ముగ్గురికి కండ్ల కలక, ఒకడు ఆ పొద్దునే భార్యతో తగువు పడి ఏడ్చి వచ్చాడు. లక్ష్మి గారు రామలింగానికి కబురు పెట్టింది: "మీ నాన్నగారిని కాస్త ఆపండి."

ఆపేలోపు పద్నాలుగో మనిషి చీటీతో దవాఖానకు చేరాడు. కాజీపేటలో రైలింజన్ డ్రైవర్ వీరభద్రం, యాభై ఐదేళ్లు, బొగ్గు ఇంజన్ల కాలం మనిషి. ముఖం ఎర్రబడితే బొగ్గు సెగ అనుకున్నాడు, తల తిరిగితే ఎండ అనుకున్నాడు. తలనొప్పి మందు కొనడానికి దుకాణంలో ఆగితే ముసలాయన గోకుతదా అని అడిగాడు. వీరభద్రానికి మొదట కోపం వచ్చిందట. కానీ నిజంగానే గోకుతుంది. చీటీ పట్టుకుని పోయాడు. ఎనభై ఎనిమిది సెకన్లు.

ఇంకో నెల ఆగి ఉంటే ఏ ఇంజన్ మీద ఉండగానో పక్షవాతం వచ్చేదని డాక్టర్లు చెప్పారు. వీరభద్రం ఒక డజను కొబ్బరికాయలు తీసుకుని హనుమకొండ వచ్చి, వెంకట్రాజం గారి కాళ్లకు మొక్కబోయాడు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకుని, "ఎంత అచ్చింది?" అని అడిగారు. ఎనభై ఎనిమిది అంటే, "మంచిదే," అన్నారు పెద్దమనసుతో.

అక్కడి నుంచి ఇద్దరూ రెండు నెలలకోసారి ఒకే మంగళవారం దవాఖానకు పోయేవారు. వీరభద్రం కాజీపేట నుంచి వచ్చి దుకాణం ముందు ఆగేవాడు, ఇద్దరూ ఒకే రిక్షా ఎక్కేవారు. వైద్యం బాగా పనిచేసి ఇద్దరి అంకెలూ అరవైకి దిగాయి. అది ఆరోగ్యానికి మంచిదని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు నచ్చలేదు. ఒకసారి వీరభద్రంది అరవై మూడు, వెంకట్రాజం గారిది యాభై ఎనిమిది వచ్చింది. ముసలాయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. గొట్టం పాతదైందన్నారు, గొట్టంలో పోసేవాడి చెయ్యి వణుకుతోందన్నారు.

అప్పటికి రామలింగం ప్రొఫెసర్ అయ్యాడు. దవాఖానలో పని ఒత్తిడిగా ఉందంటే మంగళవారాలు తనే వెళ్లి ఆ ఇద్దరి పరీక్షా చేసేవాడు. ఒకసారి నేను కూడా వెంట వెళ్లాను. బయట బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు చేతికి దూది అదుముకుని, తలుపు వైపే చూస్తున్నారు. లోపల రామలింగం స్టాప్‌వాచీ నొక్కి, ఒకటి అరవై ఒకటి, ఒకటి యాభై ఏడు అని రిజిస్టర్‌లో రాశాడు. పదిహేనేళ్లలో అరసెకను కూడా సవరించని మనిషి. పెన్ను జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎంత?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇద్దరిదీ అరవై," అన్నాడు రామలింగం. "పోయి మజ్జిగ తాగుండ్రి."